ఇల్ఫర్డ్‌లో ఇద్దరు కెనడా పిల్లలు

చవగ్గా తిరగడంలో నన్ను మించినవాళ్ళు లేరని అప్పట్లో నాకు మహా గర్వం. పదేళ్ళ వయసులో అమ్మానాన్నలతో తెనాలి నుంచి కెనడా వెళ్ళి, అక్కడే చదువుకుని, అక్కడి పాస్‌పోర్టు పుచ్చుకుని, కుర్రవాళ్ళకిచ్చే వీసా మీద ఇంగ్లండ్‌లో దిగాను. వారమంతా మాంచెస్టర్‌లో ఒక కాఫీ షాపులో పని. సెలవు దొరికితే చాలు, అందరికంటే చవకైన కోచ్ టికెట్, అంటే దూరపు బస్సు టికెట్, వెతికి పట్టుకుని ఏదో ఒక ఊరు. హాస్టల్‌లో పదిమంది పడుకునే గదిలో పై మంచం. సూపర్‌మార్కెట్ వాళ్ళు సాయంత్రం ధర తగ్గించి పసుపు చీటీ అంటించే శాండ్‌విచ్‌లే భోజనం. స్కాట్లాండ్ దాకా ఇలాగే వెళ్ళొచ్చాను.

దేశం సంగతి తెలియాలంటే విమానం ఎక్కకూడదు, కోచ్ ఎక్కాలి. మూతపడ్డ దుకాణాలు, బయటివాళ్ళు వద్దంటూ దీపస్తంభాలకు కట్టిన జెండాలు, డాక్టర్ అపాయింట్‌మెంట్ దొరక్క తిట్టుకునే ముసలమ్మలు, అన్నీ కనిపిస్తాయి. ఒకసారి లీడ్స్ వెళ్తుంటే పక్క సీటు పెద్దావిడ ఏ ఊరని అడిగింది. కెనడా అన్నాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. చెల్లెలు టొరంటోలో ఉందట, బిస్కెట్లు పెట్టింది. ఆ తర్వాత గొంతు తగ్గించి, బయటివాళ్ళు వచ్చి ఈ దేశాన్ని నాశనం చేసేశారని నాతోనే చెప్పుకుంది. నా మొహం రంగు ఆవిడకి కనబడలేదా? భేషుగ్గా కనబడింది. కెనడా అనేసరికి ఆ రంగును ఆవిడ క్షమించేసింది, అంతే. బిస్కెట్ తిన్నాను కానీ ఒళ్ళు మండిపోయింది. మా కెనడా ఏమైనా తక్కువ తిందా? అద్దెలు పెరిగితే తప్పు బయటి స్టూడెంట్లది, ఆస్పత్రిలో ఆలస్యమైతే స్టూడెంట్లది. ఆ గోల వినలేకే కదా ఇటొచ్చాను.

మాంచెస్టర్‌లో నేనుండేది అక్క ఫ్లాట్‌లో. అక్కంటే మా పెద్దనాన్న కూతురు. ఇక్కడే మాస్టర్స్ చదివి, ఒక కేర్ హోమ్‌లో వృద్ధులను చూసుకునే ఉద్యోగంలో చేరింది. వాళ్ళే వీసా స్పాన్సర్ చేశారు. నేను కోచ్‌ల మీద ఊరేగుతుంటే తను డ్యూటీల రోటాలో ఎవరూ ఒప్పుకోని ఆదివారాలన్నీ చేసేది. ఇంటికొచ్చి అలసిపోయి కూడా ఫలానా తాత ఈ పూట అన్నం తిన్నాడని సంబరంగా చెప్పేది. పిచ్చిది.

ఆ వేసవిలో ఆ కేర్ హోమ్ యజమాని ఏవో తప్పుడు పనులు చేసి దొరికిపోయాడు. వీసాలు స్పాన్సర్ చేసే అతని లైసెన్సు ప్రభుత్వం తీసేసింది. తప్పు అతనిది, వీసా పోయేది అక్కది. గడువులోగా ఇంకో స్పాన్సర్ దొరక్కపోతే దేశం వదిలి వెళ్ళాలి. ఎన్ని చోట్ల అప్లై చేసిందో! కొందరు జవాబివ్వలేదు, మిగిలినవాళ్ళు క్షమించమన్నారు. గడువు దగ్గరపడ్డాక అక్క రాత్రుళ్ళు నిద్రపోవడం మానేసింది.

అప్పుడు నాన్నకి తన మెడికల్ కాలేజీ స్నేహితుడు గుర్తొచ్చాడు. లండన్ పక్క ఇల్ఫర్డ్‌లో ఉంటాడు, ముప్పై ఏళ్ళుగా ఇక్కడ డాక్టరు. కేర్ హోమ్‌లు నడిపే ఒకాయన ఆయనకి ప్రాణస్నేహితుడు. ఆ అంకుల్ ఒక్క మాట చెబితే అక్కకి ఉద్యోగం ఖాయం. ఫోన్‌లోనే అడిగెయ్యమన్నాను. నాన్న ఒప్పుకోలేదు. ఇన్నేళ్ళ తర్వాత ఫోన్ చేసి పని చెబితే ఏం బాగుంటుందమ్మా, ఇంటికెళ్ళండి, భోంచెయ్యండి, బయల్దేరేటప్పుడు మెల్లగా కదపండి అన్నాడు. ఫోన్‌లో ఆయనకి చెప్పింది మాత్రం ఒక్కటే, మా పిల్లలిద్దరూ ఆదివారం వస్తున్నారని. మా నాన్న జన్మలో ‘మా అన్నయ్య కూతురు’ అనలేదు. అందరూ ఆయన పిల్లలే.

తెల్లవారుజామునే కోచ్ ఎక్కి లండన్ చేరి, ఇల్ఫర్డ్ వెళ్ళాం. అక్క ఇస్త్రీ చేసిన చుడీదార్ మీద కోటు వేసుకుని, సర్టిఫికెట్ల ఫైలు సంచిలో పెట్టుకుని వచ్చింది. తలుపు తీయగానే ఆంటీ ఇద్దరికీ అచ్చం నాన్న పోలికేనంది. అంకుల్ నవ్వుతూ, వాడికి ఇద్దరు కూతుళ్ళన్న సంగతే మర్చిపోయానని, కెనడాలో చలెలా ఉందని అక్కని అడిగాడు. నేను సర్దిచెప్పేలోగా కాఫీలు వచ్చాయి. దాందేముంది, తర్వాత చెప్పొచ్చులే అనుకున్నాను.

భోజనాల దగ్గర ఆయన రాజకీయం మొదలుపెట్టాడు. కామన్వెల్త్ వాళ్ళం కాబట్టి ఈ దేశంలో మాకూ ఓటుంటుందట, పేరు నమోదు చేసుకోమన్నాడు. బయటివాళ్ళకి తలుపులు మూసేస్తామంటున్న పార్టీకే ఈసారి తన ఓటన్నాడు.

“మీలాంటి పిల్లలొస్తే ఎవరికమ్మా అభ్యంతరం? ఇప్పుడొచ్చేవాళ్ళు అలా కాదు. చదువని చెప్పి దిగుతారు, కేర్ హోముల్లో ముసలాళ్ళకి స్నానాలు చేయించే పన్లో దూరతారు. మనం ఇన్నేళ్ళు సంపాదించుకున్న పరువంతా తీసేస్తున్నారు.”

నా నోటిదాకా వచ్చింది. అయ్యా, రేపు తమరు మంచాన పడితే ఆ స్నానం ఎవరు చేయిస్తారని అడగబోయాను. బల్ల కింద అక్క నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. తలెత్తకుండానే ఇంకాస్త గోంగూర వడ్డించుకుంది. చాలా బాగుందాంటీ అంది.

ఇక మిగిలింది గుమ్మం దగ్గర మాట. ఆంటీ ఇద్దరికీ బొట్టు పెట్టి, ఐస్‌క్రీమ్ డబ్బాల్లో పులిహోర, గోంగూర సర్ది ఇచ్చింది. అక్క బూట్లు వేసుకుంటోంది. ఇప్పుడే, ఇప్పుడే అడగాలని అక్కకి కళ్ళతో సైగ చేస్తున్నాను. మళ్ళీ కెనడా ఎప్పుడమ్మా అని అంకుల్ అక్కనే అడిగాడు.

అక్క లేస్తూ ఆయన్ని తిన్నగా చూసింది. సంచి పట్టీ బిగించి పట్టుకుంది.

“వచ్చే నెల్లో వెళ్ళిపోతున్నానంకుల్.”

అప్పుడే ఏమిటమ్మా, ఇంకొన్నాళ్ళుండరాదూ అన్నాడాయన, మనస్ఫూర్తిగానే. తల మీద చెయ్యి పెట్టి దీవించాడు కూడా.

కోచ్‌లో నేను అరిచినంత పని చేశాను. ఎందుకడగలేదు, వెనక్కి వెళ్దాం పద, నేను చెబుతాను, నిజం తెలిస్తే ఆయనే సిగ్గుపడతాడు అన్నాను. నాకు ఏడుపొచ్చేసింది. అక్క సర్టిఫికెట్ల సంచి ఒళ్ళోకి తీసుకుంది. నా వైపు తిరిగింది.

“అడిగితే ఆయన చేసేవాడేమోనే. కానీ ముందు నన్ను ఇంకోలా చూసేవాడుగా. ఆ పూటంతా నేనూ కెనడా దాన్నే. ఏ వీసా అని ఒక్కళ్ళూ అడగలా. ఎంత హాయిగా ఉందో నీకు తెలీదులే.”

నిజమే, నాకు తెలియదు. ఆ హాయి నాకు పాస్‌పోర్టుతోపాటే వచ్చింది, దాన్ని హాయి అంటారని కూడా ఎరగను. చవకైన కోచ్‌లనీ, పై మంచాలనీ చెప్పుకున్న గొప్పలన్నీ ఆ సీట్లో కూర్చుని తలుచుకుంటే రోత పుట్టింది. ఇద్దరం పులిహోర కూడా తెరవలేదు.

ఇంకో స్పాన్సర్ దొరకలేదు. గడువు తీరకముందే అక్క వెళ్ళిపోయింది. తన కుక్కర్, దుప్పట్లు నాకిచ్చింది. ఫలానా తాతకి అన్నం మెత్తగా ఉంటేనే దిగుతుందని, వెళ్ళి ఎవరికైనా చెప్పమని ఎయిర్‌పోర్టులో కూడా అదే గొడవ. వెళ్ళి చెబుదామనుకున్నాను. ఆ హోమ్‌కి తాళం వేసి ఉంది, ఆ తాతల్ని ఎటు పంపారో అడుగుదామంటే మనిషి లేడు. తిరగడాలు మానేశాను. జెండాలు వానలకి తడిసి రంగు వెలిశాయి, వాటి పక్కనే కొత్తవి కట్టారు. అంకుల్ మాట మీద ఇద్దరం పేర్లు నమోదు చేసుకున్నాం కదా, అక్క పేరు మీద ఓటు కార్డు వచ్చింది, తిప్పి పంపాను. నాది వంటగదిలో గోడకి అతికించాను. ఎవరికి వెయ్యాలో ఇప్పటికీ తేలలేదు. ఎవరు గెలిచినా ఏదో ఒక తలుపు మూస్తామనే గెలుస్తున్నారు.

మొన్న నాన్న ఫోన్ చేశాడు. గొంతులో అయోమయం. అంకుల్ సాయం చేసే వీలు లేదన్నాడని మాత్రమే ఆయనకి అప్పట్లో చెప్పాం, మిగతాది చెప్పలేదు. ఇప్పుడు అంకులే ఫోన్ చేశాడట. కేంబ్రిడ్జ్‌లో వాళ్ళ మేనల్లుడున్నాడు, మంచి ఉద్యోగం, మీ పెద్దమ్మాయినిస్తావా అని అడిగాడట.

“నాకు పెద్దమ్మాయెవరమ్మా? వాడేదో పొరబడ్డాడు. ఒకటే పొగడ్త. అంత అణకువ ఎక్కడా చూళ్ళేదంట. అలాంటి పిల్లలే ఈ దేశానికి రావాలి అంటున్నాడు. ఏం చెప్పమంటావ్?”

కుక్కర్ విజిల్ వేస్తోంది. స్టవ్ ఆపేశాను.

“అలాంటి పిల్ల వచ్చింది నాన్నా. వెళ్ళిపోయిందని చెప్పు.”