తాలు కాయల సినిమా

గుంటూరులో కెమెరా భుజాన వేసుకుని తిరిగిన మొదటి ఏడాది, ఎదురైన ప్రతివాళ్లూ నన్ను రెండే ప్రశ్నలు అడిగారు. "ఏ ఛానలు?" అనేది మొదటిది. ఏ ఛానలూ కాదంటే, "మరి ఎవరు పంపారు?" అనేవాళ్లు. ఎవరూ పంపలేదంటే మాటలు అక్కడితో ఆగిపోయేవి. ఎవరో పంపితే వచ్చినదానికన్నా ఎవరూ పంపకుండా వచ్చినదే ప్రమాదమని వాళ్ల అభిప్రాయం. మా ఓనరమ్మ అయితే కెమెరా కిటికీ వైపు తిప్పి పెట్టానేమోనని రోజూ ఏదో వంకతో గదిలోకి తొంగిచూసేది. ఏ పుట్టలో ఏ పాముందోనని ఆవిడ భయం. నాకూ ఆవిడ మీద అనుమానమే. నేను లేనప్పుడు తాళం తీస్తుందని గట్టిగా నమ్మేదాన్ని.

మాది చీరాల, నేత కుటుంబం. మావాళ్లకి గుంటూరే మహానగరం. పెళ్లిళ్లు తీసే ఒక స్టూడియోలో పనికి కుదిరి, ముహూర్తాలు లేని రోజుల్లో వాళ్ల కెమెరానే అడిగి తెచ్చుకుని సొంతంగా డాక్యుమెంటరీ తీద్దామని నా పథకం. మిరప కల్లంలో తాలు ఏరే ఆడవాళ్ల మీద పది నిమిషాల సినిమా. ఎండిన మిరపకాయల్లో రంగు పోయి తెల్లబడ్డవాటిని తాలు అంటారు. వాటిని ఏరి వేరే కుప్ప పోస్తారు, వేరే బస్తాలకు ఎత్తుతారు. మంచి బస్తాలో గుప్పెడు తాలు కనపడితే చాలు, కొనేవాడు బస్తా మొత్తానికీ ధర తగ్గిస్తాడు.

నేను వెళ్లిన కల్లంలో ఏరేవాళ్లకి పెద్ద, యాభై దాటిన ఒకావిడ. ఆమె చేతి మీదుగా వెళ్లిన బస్తాని విప్పి చూడక్కర్లేదని పేరు. ఆ పేరు చూసే ప్రతి ఏడూ కల్లం రైతు ముందుగా ఆమెకి కబురు పెట్టేవాడు. ఆమె ఎవరిని వెంటబెట్టుకొస్తే వాళ్లకే పని. భర్త పోయాక ఇల్లంతా ఆ పేరు మీదే నడుస్తోంది.

ఆమె నన్ను నాలుగు రోజులు నమ్మలేదు.

"ఇందులో నీకేం వస్తది అమ్మాయ్?"

"ఏమీ రాదు పెద్దమ్మా."

"ఏమీ రాకుండా ఈ ఎండలో ఎవురు కూచుంటారు? నిజం చెప్పు."

నేను దగ్గరికి రాగానే ఆడవాళ్లు మాట మార్చేసి చర్చి పాటలు ఎత్తుకునేవాళ్లు. నా గురించే ఏదో అనుకుంటున్నారని నాకు ఒళ్లు మండేది. అయినా పంతం కొద్దీ కెమెరా సంచీలోంచి తీయకుండా వాళ్ల పక్కనే కూర్చుని తాలు ఏరాను. ఘాటుకి తుమ్మి తుమ్మి ముక్కు కందిపోయింది. ఐదో రోజు ఆమే, "తీసుకోమ్మా తీసుకో. ఆ ముక్కు చూస్తే జాలేస్తంది" అంది.

తీరా ఆ రోజు నా బస్సు ఆలస్యమైంది. నేను చేరేసరికి కుప్ప మొత్తం ఏరేశారు. వెలుగు మాత్రం అద్భుతంగా ఉండటంతో కెమెరా ఆన్ చేశాను. నాకు దురాశ పుట్టింది.

"పెద్దమ్మా, ఆ చేటలో తాలు మళ్లీ ఎర్రకాయల మీద పొయ్యండి. మొదట్నించీ ఏరుతున్నట్టు తీస్తాను."

అందరి చేతులూ ఆగిపోయాయి.

"ఏరిన తాలు కలపగూడదు అమ్మాయ్. ఎవురన్నా చూస్తే ఏమనుకుంటారు?"

"ఇక్కడెవరున్నారు పెద్దమ్మా? రెండే రెండు నిమిషాలు" అని గడ్డం పట్టుకుని బతిమాలాను. ఆమె అటూ ఇటూ చూసింది. రోడ్డు వైపు ఇంకోసారి చూసింది. చేట వంచేసింది. ఆ తర్వాత ఒక్క తాలు కాయ కూడా మిగలకుండా మళ్లీ ఏరేదాకా వాళ్లెవరూ ఇళ్లకు కదల్లేదు.

తీసేవాళ్ల గొంతు సినిమాలో వినపడకూడదని నేను నేర్చుకున్న పాఠం. శ్రద్ధగా నా మాటలన్నీ కోసేశాను. చేట వంచిన దృశ్యం మాత్రం ఉంచాను. ఎర్రటి కుప్ప మీద తెల్లటి కాయలు జారడం అంత అందంగా వచ్చింది. కెమెరా కార్డు స్టూడియో వాళ్లది. దాన్ని చెరిపేసి, తర్వాతి పెళ్లికి వాడేశాం.

వారం తర్వాత శుక్రవారం లాప్‌టాప్ తీసుకుని కల్లానికి వెళ్లాను. చర్చిలో ఉపవాస కూడిక ఉందని ఆమె రాలేదు. మిగతావాళ్లు తమని తాము చూసుకుని నవ్వుకుంటున్నారు. వెనక నిలబడి చూస్తున్న రైతు ఉన్నట్టుండి, "ఆపు. ఎనక్కి తిప్పు" అన్నాడు.

మూడుసార్లు చూశాడు. ఆమె అటూ ఇటూ చూసి, రోడ్డు వైపు చూసి, మంచి కాయల్లో తాలు పోస్తోంది.

"పోయినేడు నా బస్తాల్లో తాలుందన్నారు. కొన్నోణ్ణి దొంగనుకున్నా నేను."

"నేనే పొయ్యమన్నానండీ, సినిమా కోసం. తర్వాత మొత్తం ఏరేశారు."

"నువ్వు చెప్పినట్టు ఇందులో ఏది?"

"నా గొంతు తీసేశానండీ."

"ఎందుకు తీశావు?"

"సినిమాల్లో అట్లా తీసేస్తారండీ." ఆ మాట నాకే అబద్ధంలా వినిపించింది.

"తియ్యకముందుది చూపించు." అది లేదు. ఆడవాళ్ల వైపు తిరిగి, మీరైనా చెప్పండన్నాను. "మేం పనిలో ఉన్నాం, చూళ్లేదు" అంది ఒకామె. మిగతావాళ్లు తలలు వంచుకున్నారు. ఇకమీదట రైతు కబురు ఎవరికి పెడతాడా అని అప్పుడే ఆలోచిస్తున్నారేమో. అది కూడా నా అనుమానమే కావచ్చు.

"చదువుకున్నదానివి, ఆవిణ్ణి కాపాడాలని తెలివిగా మాట్లాడతన్నావు" అన్నాడు రైతు. మర్నాటి పనికి కబురు వేరే ఆమెకి వెళ్లింది.

ఆ సాయంత్రమే ఆమె ఇంటికి వెళ్లాను. తిడుతుందనుకున్నాను. తిడితే బావుండునని కూడా అనుకున్నాను. అప్పటికే అంతా విన్నదట. నన్ను చూడగానే ఆమె మొహం తేటపడింది.

"వచ్చావా! ఆయనకి కోపమొస్తే కళ్లు కనపడవు. నీ దాంట్లో మాటలుంటయ్యి గదా. నువ్వు బతిమాలింది, నేను వద్దంది. అయ్యి వినిపిస్తే సరిపోద్ది. పద, ఇప్పుడే పోదాం" అంటూ చెప్పులు వేసుకోబోయింది.

"నా మాటలు తీసేశాను పెద్దమ్మా."

"నేను వద్దన్నది?"

"నాకు చెప్పిన జవాబు కదా... అదీ పోయింది."

ఆమె ఒక చెప్పు వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది.

"మమ్మల్నందర్నీ ఉంచి, నిన్నొక్కదాన్నే తీసేసుకున్నావా అమ్మాయ్?"

కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.