తెల్ల గోలీ మీద నా కోపం

ఎనభైలలో కరీంనగర్ జిల్లాలో ఒక నేత ఊళ్లో నేను సర్కారు దవాఖాన డాక్టరును. నాకు కోపం ఎక్కువ, గొంతు ఇంకా ఎక్కువ. ఆ రెండూ లేకపోతే అక్కడ వైద్యం నడవదని గట్టిగా నమ్మేదాన్ని. ఇప్పటికీ సగం నమ్ముతాను.

నా కోపమంతా ఒక చిన్న తెల్ల గోలీ మీద. అది స్టెరాయిడ్. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. రోజుకు పన్నెండు గంటలు సాంచాల దగ్గర నిలబడే మనుషులకు కాళ్లు పీకేవి, నడుము పట్టేసేది. ఊరి ఆర్‌ఎంపీలు ఆ గోలీని 'తాకత్ గోలీ', అంటే బలం మాత్ర అని చేతిలో పెట్టేవాళ్లు. పూట తిరక్కుండానే నొప్పి మాయం. నెలలు గడిచేసరికి మొహం గుండ్రంగా ఉబ్బేది. అది చూసి చుట్టాలు "మంచిగ ఒళ్లు చేసిండు" అని సంబరపడేవాళ్లు. లోపల ఎముకలు గుల్లబారుతున్నాయనీ, రోగాలతో పోరాడే శక్తి అణగారిపోతోందనీ నేను మొత్తుకునేదాన్ని. దొరికిన గోలీలన్నీ అందరి ముందూ నీళ్ల బకెట్లో పడేసి, "మొహం ఉబ్బిందంటే విషం ఎక్కినట్టే" అని అరిచేదాన్ని.

చాలాకాలం వాడినవాళ్లను మాత్రం లోపల కూర్చోబెట్టి కొద్దికొద్దిగా తగ్గించేదాన్ని. మన మూత్రపిండాల మీద ఉండే గ్రంథులు ఆ జాతి హార్మోనును రోజూ తామే తయారుచేస్తాయి. బయటి నుంచి గోలీ వస్తుంటే అవి పని మానేస్తాయి. అప్పుడు ఒక్కసారిగా గోలీ ఆపితే మనిషి కూలబడతాడు. అయితే ఇది గదిలో చెప్పే మాట. వరండాలో బకెట్ దగ్గర అరిచేదే ఊరందరికీ వినిపించేది.

ఒక నేతకార్మికుడికి ఎన్నాళ్లయినా వదలని జ్వరం, తలనొప్పి. భార్య ఇంట్లో సాంచాలకు నూలు కండెలు చుట్టేది. అతని మెడ వంగకపోవడం చూసి, మెదడు పొరలకు క్షయ సోకిందని అనుమానించి కరీంనగర్ పంపాను. నా అనుమానం నిజమైంది. నా అనుమానాలు తరచూ నిజమయ్యేవి, దాచుకోవడమెందుకు. అక్కడి డాక్టర్లు క్షయ మందులతో పాటు ఆ తెల్ల గోలీ కూడా రాశారు. సరిగ్గానే రాశారు. క్రిములతో ఒంట్లోని రక్షణ కణాలు పోట్లాడితే, ఆ పోట్లాట జరిగిన చోట వాపు వస్తుంది. మోకాలు వాస్తే చర్మం సాగుతుంది. పుర్రె సాగదు. లోపలి వాపు మెదడునూ, కంటి నరాలనూ నొక్కేస్తుంది. ఆ పోట్లాటను కాస్త అదుపులో పెట్టేది ఆ గోలీయే.

మూడు వారాలకు అతను ఇంటికొచ్చాడు. భార్య తెచ్చిన చీటీ చదివి "అన్ని గోలీలూ టైముకు వెయ్" అన్నాను. ఏ గోలీ ఎందుకో చెప్పలేదు. బయట వరుస పొడుగ్గా ఉంది.

వారం తర్వాత ఆమె అతన్ని రిక్షాలో తెచ్చింది. వాంతులు, మళ్లీ తలనొప్పి, మాట తడబాటు.

"కండ్లు మసకైనయ్ డాక్టరమ్మా. పోగు కనవడ్తలేదంటుండు."

గోలీలన్నీ వేస్తున్నావా అని అడిగాను.

"క్షయవి ఒక్కటి తప్పలే. తెల్లయి మాత్రం నీళ్లల్ల పారవోసిన. మొకం ఉబ్బవట్టింది గద. ఉబ్బితే విషమెక్కినట్టేనని మీరే చెప్తిరి. నేను జల్ది పసిగట్టిన." ఆమె గొంతులో గర్వం.

నా పాఠాన్ని అంత శ్రద్ధగా నేర్చుకున్న మనిషి ఊళ్లో ఇంకొకరు లేరు. వెంటనే ఆ తెల్ల గోలీ మందునే సూదిగా వేసి, జీపులో కరీంనగర్ తీసుకుపోయాను. దారి పొడుగునా ఆమె ఒక్కటే అడిగింది: "పోగు కనవడ్తదా?" తెగిన పోగును చూసి ముడి వెయ్యలేనివాడికి సాంచాల మీద పని ఉండదు. "చూద్దాం" అన్నాను. నా జీవితంలో అంత భయం ఎప్పుడూ వెయ్యలేదు.

వాపు తగ్గింది, ప్రాణం దక్కింది. ఎడమ కన్ను తేరుకుంది. కుడి కన్ను తేరుకోలేదు.

"నా చేతులార చేసుకున్న" అని ఆమె ఊళ్లో ఏడుస్తోందని తెలిసింది. మరునాడే వరండాలో నిలబడి, ఎప్పుడూ అరిచే గొంతుతోనే, తప్పు ఆమెది కాదు నాది అని చెప్పాను. ఆ గోలీ ఎవరికి ప్రాణం పోస్తుందో, ఎవరిని పాడుచేస్తుందో విడమరిచాను. రెండు రోజులకే మోకాళ్ల నొప్పుల ముసలాయన ఒకడు వచ్చి "గా తెల్ల గోలీ మంచిదేనటగద, మీరే అన్నరట" అన్నాడు. ఆయన మీద అరిచాను. తర్వాత కూర్చోబెట్టి పావుగంట చెప్పాను. వరుస ఆగితే ఆగింది.

కొన్ని నెలలకు వాళ్ల షెడ్డుకు వెళ్లాను. అతను సాంచాల మధ్య నిలబడి ఉన్నాడు. కుడివైపు ఆమె. కండెలు చుట్టే పని వదిలేసి వచ్చింది. అటువైపు పోగు తెగితే అతని భుజం తడుతోంది. నన్ను చూడగానే ఎదురొచ్చింది.

"తెల్లయి గుడ ఒక్కటి ఇడవలే డాక్టరమ్మా. మెల్లమెల్లగ తగ్గియ్యమన్నరు, గట్లనే తగ్గిచ్చి బంద్ చేసినం. అన్ని మీరు చెప్పినట్టే."

ఆమె నన్ను ఒక్క తిట్టు తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని.