గొంగడి మీది మాట

తాండూరు సభలో నాయకుడి భుజాల మీద గొంగడి కప్పి, చేతికి గొర్రెపిల్లనిచ్చిన మొగులప్పను ఫొటో అయిపోగానే వేదిక దిగమన్నారు. గొంగడి అతనిదే, పిల్లా అతనిదే. ఒక్క మాట చెప్పుకుందామని మైకు వైపు చూశాడు.

"ఫొటో వచ్చింది గద, ఇగ దిగు మొగులప్పా. మైకిస్తె నీ గొర్లన్నిటి పేర్లు చదువుతవ్" అన్నాడు మహిధర్. ఊళ్లో పెద్ద రైతు కుటుంబం వాడు, పార్టీలో తిరుగుతాడు. అందరూ నవ్వారు. మొగులప్ప కూడా నవ్వి దిగిపోయాడు.

చెప్పాలనుకున్నది చిన్న సంగతే. యాలాల్ దగ్గరి వాళ్ల ఊళ్లో గొర్రెలు మేసే గైరానులో, అంటే ఊరుమ్మడి మేత భూమిలో, రిసార్టు వస్తుందట. అది పోతే అతని అరవై గొర్రెలకు మేత లేదు. గొంగడి కప్పుతున్నప్పుడే ఆ ముక్క నాయకుడి చెవిన వేశాడు. ఆయన తల ఊపాడు.

మొగులప్ప వాళ్ల కురుమ ఇళ్లలో తగాదా తీర్చాలంటే గొంగడి పరిచి కూర్చుంటారు. దాని మీద ఒప్పుకున్న మాట ఎవరూ తప్పరు, కాగితం రాసుకోరు. గొంగడి కప్పుకొని తల ఊపిన మనిషి కూడా మాట ఇచ్చినట్టేనని అతను నమ్మాడు.

మరునాడు పక్కింటి దేవప్ప అర్జీ తెచ్చాడు. రిసార్టుకు అభ్యంతరం చెప్పడానికి నెల గడువుంది, అందరం వేలిముద్రలేసి వికారాబాద్‌లో కలెక్టరుకు ఇద్దామన్నాడు.

"గొంగడి మీద ఒప్పుకున్నడు దేవప్పా. మల్ల కాయితమిస్తె ఆయన్ని నమ్మనట్టే గద."

"ఆ గొంగడిని కారు డిక్కీల పడేసిండు. నేను చూసిన."

"ఉక్కపోసి తీసిండేమో తియ్."

కులపెద్ద మొగులప్పే. అతను వేలిముద్ర వేయలేదని మిగతా ఇళ్లవాళ్లూ వేయలేదు. గడువు పోయింది.

వానలు పడకముందే గైరానులో చాలా మేర చుట్టూ నాపరాతి కడీలు పాతి కంచె వేశారు. రిసార్టులో మహిధర్‌కు వాటా ఉంది. మొగులప్ప గేటు దగ్గర అతన్ని ఆపాడు.

"సారు తల ఊపిండు పటేలా."

"సారు దినాం వెయ్యి మందికి ఊపుతడు. అన్నీ యాదుంటయా?"

గేటు పక్క గోడ మీద గొంగడేసుకున్న కాపరి బొమ్మ గీయించారు, అందంగా ఉంది. దాని కిందే పశువులు రాకూడదని బోర్డు.

మేత లేక గొర్రెలు బక్కచిక్కాయి. మర్పల్లి సంతలో మొత్తం మందను అమ్మేశాడు. లారీకి ఎక్కిస్తుంటే భార్య చంద్రవ్వ అతన్ని పక్కకు లాగింది.

"నోరు మెదపకు. నీ గొంతింటె గొర్లన్నీ మల్ల దిగుతయి."

లారీ కదిలేదాకా తువ్వాల నోట్లో కుక్కుకుని నిలబడ్డాడు.

ఇప్పుడతను తాండూరులో నాపరాళ్లు మోస్తున్నాడు. దేవప్ప ఒక్కనాడూ దెప్పలేదు. "జర తిట్టినా బాగుండు" అంటాడు మొగులప్ప.

గైరానులో తొమ్మిదెకరాలకు ఇంకా కంచె పడలేదు. దాన్నైనా కాపాడమని కొత్త అర్జీ రాశారు. మొదటి వేలిముద్ర మొగులప్పదే. తన మందకు కాదు, అది లేదు; ఊళ్లో మిగిలిన నాలుగు మందలకు.

వచ్చే సోమవారం దాన్ని వికారాబాద్ తీసుకెళ్తున్నారు. చదువు రాని ఇరవై మంది. వాళ్లను బయట కూర్చోబెట్టి పంపేయడం తేలిక. అందుకే ఇది చదువుతున్న మిమ్మల్ని అడుగుతున్నాను, వాళ్లతో రండి. రాలేకపోతే మీ ఊళ్లో గైరాను ఎన్ని ఎకరాలో రికార్డు అడిగి చూడండి. ఉన్నదాన్ని అందరి ముందు కొలిపించండి. గడువు ఉన్నప్పుడే, కాగితం మీద.