ఒక ఫంక్షన్ మీద పడ్డ నింద

ఎంతోమంది వాడే ఒక ప్రోగ్రామింగ్ భాష స్టాండర్డ్ లైబ్రరీలో, అంటే ఆ భాషతోపాటే వచ్చే కోడ్‌లో, చదివేవాళ్ల కోసం పక్కన రాసిపెట్టే కామెంట్లలో కాలం చెల్లినవాటిని ఏరివేసే పనిలో ఈమధ్య నేనూ ఒక చేయి వేస్తున్నాను, ఇస్నాపూర్‌లోని మా ఇంట్లో కూర్చునే. ఈ రోజు పేర్లను వరుసలో పేర్చే ఒక ఫంక్షన్, అంటే ఒక చిన్న కోడ్ ముక్క, పైన "ఇది చాలా నెమ్మది, వాడకండి" అన్న హెచ్చరిక కనిపించింది. నడిపి చూస్తే చకచకా పనిచేసింది. ఎవరో ఎప్పుడో దాన్ని బాగుచేసి, హెచ్చరికను మాత్రం అలాగే వదిలేశారు. పాపం, జనం ఇన్నేళ్లూ దాన్ని తప్పించుకు తిరిగారు. ఆ మాటలు తీసేసి పంపాను. ఆ లైబ్రరీని చూసుకునేవాళ్లు సాయంత్రానికల్లా ఒప్పుకున్నారు.

సంతోషం పట్టలేక అత్తమ్మ దగ్గరికి వెళ్లాను.

"పొద్దుగాల సంది ఏం రాసినవ్ బిడ్డా?" అంది.

"రాయలే అత్తమ్మా, తీసేసిన. అది మంచిగనే పనిచేస్తుంటే చెయ్యదని రాసిపెట్టిన్రు."

ఆమె జాలిపడింది. "అయితే దాని మీద నింద పోయింది, తియ్."

నా పని గురించి ఇంత చక్కగా ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. అత్తమ్మ అంతటితో ఆగలేదు. కోడలు నింద మాపిందని గోడ అవతలికి కబురు పంపింది. పక్కింటి అక్క వచ్చి ఎవరి మీద నింద అని నన్ను అడిగింది. ఫంక్షన్ మీద అన్నాను.

"ఎవలింట్ల ఫంక్షన్?" అంటూ ఆమె అరుగు మీద కూర్చుంది.

ఇంకా కూర్చునే ఉంది. ఏం చెప్పమంటారు?