ఎడమ గ్లౌజును తిరగేసిన మాస్టారు

మా మనవరాలికి కెమిస్ట్రీ చెప్పే మాస్టారికి, చేతికందిన వస్తువునల్లా అద్దం ముందు పట్టి చూసే అలవాటుండేది. నా గరిటెను కూడా వదిలేవారు కాదు. అణువుల్లోనూ మన చేతుల్లాగే ఎడమవీ కుడివీ ఉంటాయట.

ఒకనాడు పిల్ల పుస్తకం మూసేసింది. "నానింక సదవను మాస్టారూ. బ్రోమిన్ పోయి ఇంకోటొస్తే ఎడమ అణువు కుడిదెలా అయిపోద్ది?" అని ఏడ్చింది.

స్టీలుప్లాంటులో మా అబ్బాయి వాడే గుడ్డ గ్లౌజుల్లో కుడివి ముందే చిరిగిపోతాయి. మిగిలిన ఎడమవి నేను పారేయను, గూట్లో దాస్తాను. మాస్టారు వాటిలో ఒకటి తీశారు.

"కొత్తది ఎనకనుంచి తోస్తాది, బ్రోమిన్ ముందునుంచి పోద్ది, అణువిలా తిరగబడిపోద్ది, సూడమ్మా!" అంటూ గ్లౌజు లోపలివైపును బయటికి తిరగేసి, పిల్ల కుడిచేతికి తొడిగారు. వదులైనా బొటనవేలు చక్కగా కుదిరింది.

"ఓలమ్మో, కుడిదైపోనాది!" అని పిల్ల నవ్వి, పుస్తకం తెరిచింది.

పాఠమయ్యాక నేను మాస్టారిని కదలనివ్వలేదు.

"ఆగండి బాబూ. గూట్లో ఇంకా ఉన్నాయి. అన్నీ తిరగేసి ఎల్లండి."