పైకి చెప్పిన ధర

ఉన్నమాట చెప్పిన మనిషిని దొంగ కింద జమకట్టి తిప్పి పంపడం అందరివల్లా అయ్యే పని కాదు. నావల్ల అయింది. అదీ ఒక్క మధ్యాహ్నంలో, రెండు చాయ్‌ల ఖర్చుతో.

బీదర్ గాంధీ గంజ్‌లో నేను నడిపే పప్పుల కొట్టు మా నాన్నది. ఆయన నోటితో ధర చెప్పగా నేను వినలేదు. తువ్వాలు కింద అవతలివాడి వేళ్లు నొక్కి బేరమాడేవాడు. పైకి మాత్రం వానల గురించి మాట్లాడేవాడు. బాహాటంగా చెప్పిన ధర వెనక ఇంకో ధర ఉంటుందని నాకు నేర్పాడు.

ఆ ఏడు కొట్లో నలభై క్వింటాళ్ల కందులున్నాయి. ఇరవై ఐదు నావి. పదిహేను దుబల్గుండిలో సేద్యం చేసే మా బావవి. అవి అమ్ముడుపోతేనే ఆయన బోరు వేయించగలడు. బోరు బండి నెలాఖరు దాకే ఆ ఊళ్లో ఉంటుంది.

ప్యాకెట్ పప్పు అమ్మే పెద్ద కంపెనీ నుంచి కొనుగోలు ఆఫీసరు వచ్చాడు. జహీరాబాద్ వైపు మనిషి. గుప్పెడు గింజలు మిషన్లో పోసి తేమ చూశాడు, ఫోన్ చూశాడు, హమాలీలందరూ వింటుండగా క్వింటాలు ఏడువేల రెండువందలన్నాడు. బేరానికి ముందే ఇంత ఇస్తున్నాడంటే లోపల ఎంత దాచాడో అనుకుని ఏడువేల ఐదువందలు అడిగాను. అతను రూపాయి పెంచలేదు. బేరగాళ్లలా గడప దాకా వెళ్లి వెనక్కి చూడడం కూడా రాని మనిషి.

“ఆఫ్రికా కెల్లి కందుల ఓడ బొంబాయికి వస్తాంది సేఠ్. అది దిగినంక మా కంపెనీ ఈ రేటు ఇయ్యదు,” అన్నాడు.

బీదర్‌లో కూర్చున్నవాణ్ని ఓడతో బెదిరించడం నాకు నవ్వు తెప్పించింది. ఇచ్చేద్దామా అని బావ ఫోన్లో అడిగితే, వాడే మళ్లీ వస్తాడు, ఆగమన్నాను.

రాలేదు. ధర రోజూ దిగింది. మొదట పక్క కొట్టువాణ్ని అనుమానించాను, తర్వాత కంపెనీయే పుకారు లేపిందన్నాను. చివరికి గంజ్‌లో ఎవరి కంటా పడకుండా ఆ కంపెనీ ప్యాకెట్ కొని, నాన్న భూతద్దంతో వెనకవైపు చదివాను. కందులు పుట్టిన దేశం ఆఫ్రికాలోదే. పరదేశపు పప్పు ఉడకదని వాదించేవాణ్ని గనక ఇంట్లో చెప్పకుండా వండించాను. మెత్తగా ఉడికింది. మన కందులేనా, బాగుందని మా ఆవిడ అడిగితే అవునన్నాను.

నెల దాటాక అదే ఆఫీసరుకు ఆరువేల ఐదువందలకు ఇచ్చాను. ఈసారీ ధర పైకే చెప్పాడు. నేను బేరమాడలేదు.

బావ వచ్చి గోనెసంచి మీద కూర్చున్నాడు. “మోసం జేసినవైతే కొట్లాడుతుంటి బామ్మర్దీ. నా మంచికే ఆపితివి. ఇగ ఏమనాలె నిన్ను?”

ఇక లెక్క. క్వింటాలుకు ఏడువందలు పోయింది. నా కందుల మీద పదిహేడువేల ఐదువందలు. బావవాటి మీద పదివేల ఐదువందలు. అది నా జేబులోంచి తీసి ఇచ్చాను. బోరు బండి అప్పటికే భాల్కి వైపు వెళ్లిపోయింది. ఆ వేసవి ఆయన కూరగాయలు వేయలేదు. వేస్తే ఎంత మిగిలేదో ఆయన చెప్పలేదు. నేనే పదిహేను వేలని రాసుకున్నాను. అది ఇంకా ఇవ్వలేదు.