దొర దిగిన ఇల్లు

ఆ వీధిలో ఆమెను అందరూ మిషనక్క అనేవారు. ఒక ఇంటి పై అంతస్తులో అద్దెకుండేది. ముందు గదిలో కుట్టుమిషను, ఇస్త్రీ బల్ల, గోడవారగా కత్తిరించి పెట్టిన గుడ్డల కట్టలు ఉండేవి. వెనక గది తమ్ముడిది. ఎవరైనా పెళ్లి మాట ఎత్తితే, "మిషనుతో సంసారం కుదిరిపోయిందండీ, ఎదురు చెప్పదు" అని నవ్వేసేది. హోటల్ సిబ్బందికి నల్ల ప్యాంట్లు, కోట్లు కుట్టడం ఆమె ప్రధానమైన పని.

తమ్ముడు ఎత్తైన భవనాల అద్దాలు తుడిచేవాడు. తాడుకు వేలాడుతూ పైనుంచి కిందికి దిగాలి. అతనికో జతగాడు ఉండేవాడు. ఒకరి బెల్టు ఒకరు లాగి చూసుకున్నాకే ఇద్దరూ అంచు దాటేవారు. ఒక పొద్దున పిట్టగోడ అంచుకు ఒరుసుకుని జతగాడి తాడు తెగింది. తమ్ముడు పక్క తాడు మీదే ఉన్నాడు, చెయ్యి చాస్తే అందేంత దూరంలో. చాచేసరికి అక్కడ మనిషి లేడు.

ఆ రోజు నుంచి తమ్ముడు ఇల్లు కదల్లేదు. అన్నం పెడితే నాలుగు ముద్దలు తినేవాడు, పిలిస్తే ఊఁ అనేవాడు. గడ్డం పెరిగింది. కిటికీకి దుప్పటి కట్టేశాడు. డాక్టరు రాసిచ్చిన మందులు వేళకు మింగేవాడు, అంతే. అక్క పక్కన కూర్చుని కుట్టుపని కబుర్లు చెప్పేది, తిట్టేది, బతిమాలేది. ఏదీ పనిచెయ్యక, ముందుగదిలోకి పోయి కూర్చుని మిషను గట్టిగా తొక్కేది, తన ఏడుపు వినబడకుండా.

ఒకరోజు అతనే నోరు తెరిచాడు.

"అక్కా, దొర ఏమయ్యాడు?"

దొర జతగాడి కుక్క. చలిదేశపు హస్కీ జాతిది. నీలి కళ్లు, తెల్లటి మొహం, నడకలో దర్జా చూసి ఆ పేరు పెట్టాడు. జతగాడికి ముందూ వెనకా ఎవరూ లేరు. గది యజమాని దాన్ని కుక్కల షెల్టర్‌కి అప్పజెప్పాడని ఆమె విచారించి తెలుసుకుంది.

"తీసుకురా" అన్నాడు తమ్ముడు.

అన్ని నెలల్లో అతను అడిగింది అదొక్కటే. మిషనక్క జన్మలో కుక్కను పెంచి ఎరగదు. వీధికుక్క ఎదురొస్తే పక్కకు తప్పుకునే మనిషి. అయినా మర్నాడే షెల్టర్‌కి వెళ్లింది.

షెల్టర్ నడిపే మేడమ్ దొరను అప్పగించే ముందు గట్టిగా చెప్పింది. "చూడమ్మా, ఇది పిల్ల కాదు, ఐదేళ్లది. దాని మనిషి పోయాడని దానికి తెలీదు. వెళ్లగానే ముద్దులాడొద్దు. కళ్లలోకి చూడొద్దు. ఒక మూల చూపించి దాని మానాన దాన్ని వదిలెయ్యండి. తిండి ఒకే చోట, ఒకే వేళకి పెట్టండి. తలుపు మాత్రం జాగ్రత్త. ఈ జాతికి సందు దొరికితే చాలు. బయటికి తీసుకెళ్తే మెడకొక తాడు, ఒంటికి బెల్టు వేసి ఇంకో తాడు."

"కరుస్తుందా?"

"కరవదు. కానీ ఏడుస్తుంది."

చెప్పినట్టే మిషనక్క దాన్ని ముందు వీధి చుట్టూ తిప్పి, తర్వాత మెట్లెక్కించి, గదిగదీ చూపించింది. షెల్టర్‌లో పడుకున్న పాత దుప్పటి తెచ్చి మూలన పరిచింది. దొర ఇల్లంతా వాసన చూసి, చివరికి తమ్ముడి గది గుమ్మం దగ్గర ఆగాడు. తమ్ముడు లేచి నిలబడ్డాడు. కుక్క ఒంటికి పట్టీల బెల్టు, వీపు మీద కొక్కెం, దానికి తాడు. అది చూడగానే అతని మొహం పాలిపోయింది. తలుపు వేసేసుకున్నాడు.

కోరి తెప్పించుకున్నవాడే మొహం తిప్పుకుంటే ఏం చెయ్యాలో ఆమెకు పాలుపోలేదు.

దొర ముద్ద ముట్టలేదు. మూలన పరిచిన దుప్పటి వదిలేసి స్నానాలగదిలో చల్లటి గచ్చు మీద మకాం పెట్టాడు. స్నానం చెయ్యాలంటే, "దొరగారూ, కాస్త దయచేస్తారా" అని బతిమాలాల్సి వచ్చేది. ఒక కన్ను తెరిచి చూసి మళ్లీ మూసుకునేవాడు. తెల్లవారగానే గుమ్మం ముందు కూర్చుని మోర ఎత్తి అందుకునేవాడు. అది మొరుగుడు కాదు. పొడుగ్గా, లోపలి నుంచి తోడినట్టు వచ్చే ఏడుపు. జతగాడు పనికి బయల్దేరే వేళ అది. ఆ ఏడుపు మొదలవగానే వెనకగదిలో తమ్ముడు తలగడ చెవులకు అదుముకునేవాడు. ఇద్దరి మధ్యా ఆమె నిలబడి ఎవరి దగ్గరకు వెళ్లాలో తెలియక చీర కొంగు నోట్లో కుక్కుకునేది.

కింద వాటాలో ఇంటావిడ ఊరుకోలేదు.

"ఏమ్మా, ఇది ఇల్లా, శవం లేచిన చోటా? పొద్దున్నే ఆ ఏడుపేంటి? మా ఆయనకి బీపీ."

"కొత్త కదా పిన్నిగారూ, సర్దుకుంటుంది. కాస్త ఓపిక పట్టండి."

"నా ఓపిక అయిపోయిందమ్మా. అదైనా వెళ్లాలి, మీరైనా వెళ్లాలి."

అది చాలదన్నట్టు దొరకు బొచ్చు రాలే కాలం వచ్చింది. దూది ఏకినట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడి ఇల్లంతా ఎగిరేది. అన్నంలో బొచ్చు, దారపు రీళ్ల మీద బొచ్చు, ఇస్త్రీ పెట్టె కింద బొచ్చు. నల్ల గుడ్డ మీద తెల్ల బొచ్చు! తడిగుడ్డతో తుడిచేది, దులిపేది, తడిచేత్తో రాసేది. గుడ్డ మడత పెట్టేలోపు మళ్లీ అంతే. హోటల్ సూపర్‌వైజర్ కట్ట విప్పి ఒక కోటు ఎత్తి చూశాడు.

"ఇవేసుకుని మా వాళ్లు భోజనాలు వడ్డించాలా అక్కా?"

"మళ్లీ శుభ్రం చేసిస్తాను బాబూ."

"ఇంక వద్దులెండి. వేరే చోట చూసుకుంటాం."

ఇన్నేళ్లుగా కుట్టిన చేతులు. అతను కటువుగా కూడా అనలేదు. కట్టను తిరిగి భుజాన వేసుకుని బయటపడింది. ఇంటికొచ్చి చూస్తే, ఒంటరిగా వదిలినందుకు దొర తలుపు చెక్క గీరి గీరి పెచ్చులు లేపాడు. గోళ్ల దగ్గర నెత్తురు. తమ్ముడు లోపలే ఉన్నాడు. గడియ కూడా తియ్యలేదు.

ఆమె నేల మీద చతికిలబడింది. ఫోను తీసి షెల్టర్ మేడమ్‌కి చేసింది. "నావల్ల కాదు మేడమ్. ఉన్న పని పోయింది. తిరిగి తీసుకోండి. నేను చచ్చిపోయేలా ఉన్నాను" అంది. మేడమ్ ఒప్పుకుంది. ఎల్లుండి తీసుకురమ్మంది.

ఆ మాట తలుపవతల నుంచి తమ్ముడు విన్నాడు. గడియ తీసి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"నన్ను కూడా అక్కడే వదిలేసి రా అక్కా."

"ఒరేయ్!"

"నేనూ అంతేగా. తినను, ఏడిపిస్తాను, నీ పని పోగొట్టాను. దాన్నొక్కదాన్నే ఎందుకు పంపడం?"

ఆమె లేచి అతని చెంప మీద కొట్టింది. కొట్టిన చేతిని వెంటనే రెండో చేత్తో పట్టుకుని, "నేనేం చెయ్యనురా? చెప్పు, నేనేం చెయ్యను?" అని గుండెలవిసేలా ఏడ్చింది. వాళ్ల గొడవకు బెదిరి దొర మంచం కిందికి దూరాడు.

మర్నాడు పొద్దున గ్యాసు బండ అబ్బాయి వచ్చి తలుపు బార్లా తెరిచాడు. సిలిండరు లోపలికి దొర్లించేలోపు అతని కాళ్ల సందులోంచి దూరి దొర మెట్ల మీద ఉన్నాడు. కింద గేటు కూడా తీసే ఉంది.

మిషనక్క చెప్పులు లేకుండా పరిగెత్తింది. మార్కెట్ సందు, బస్సులు తిరిగే చోటు, చెత్త లారీలు ఆగే మైదానం. కనబడ్డ వాళ్లందర్నీ, "తెల్ల కుక్క, నీలి కళ్లు, చూశారా?" అని అడిగింది. ఒకాయన ఎడమకు చెయ్యి చూపితే ఇంకొకావిడ కుడికి చూపింది. ఎండెక్కింది. ఇంత బొచ్చుతో ఈ ఎండలో అది ఎక్కడైనా పడిపోయి ఉంటుందని తలుచుకుని ఇంకా వేగంగా పరిగెత్తింది. నిన్న వదిలించుకోవాలనుకున్నది తనేనన్న సంగతి కూడా గుర్తు లేదు.

ఏమీ దొరక్క ఇంటికి తిరిగొస్తే, తమ్ముడి గది తలుపు తెరిచి ఉంది. గదిలో తమ్ముడు లేడు.

ముందురోజు అతనన్న మాట చెవిలో గింగురుమంది. డాబా మీదికి పరిగెత్తింది. లేడు. పిట్టగోడ పట్టుకుని కిందికి తొంగి చూసింది. చూడటానికి ధైర్యం చాలక కళ్లు మూసుకుని, మళ్లీ తెరిచింది. ఖాళీ సందు. అక్కడే కూలబడింది. అంత భయం ఆమె జీవితంలో ఎన్నడూ ఎరగదు.

ఫోను మోగింది. తెలియని నంబరు.

"అక్కా, నేనే. ఎవరిదో ఫోను. వాడి గది దగ్గరున్నాం. నీళ్లు పట్టుకురా."

జతగాడి గది నాలుగు వీధుల అవతల, ఒక పాత భవనం రెండో అంతస్తులో. ఆమె వెళ్లేసరికి మెట్ల పై మలుపులో దొర పడుకుని ఉన్నాడు, మూసిన తలుపు సందుకు ముక్కు ఆనించి. నాలుక వేలాడుతోంది, డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. నాలుగు మెట్ల కింద తమ్ముడు కూర్చున్నాడు. చొక్కా చెమటతో తడిసి ఒంటికి అంటుకుంది, రెండు చేతులా మెట్టు అంచు పట్టుకున్నాడు. ఇప్పుడా గదిలో అద్దెకుంటున్న మనిషి తలుపు కాస్త తీసి, "తీసుకుపోండయ్యా, పిల్లలు భయపడుతున్నారు" అని విసుక్కుని మళ్లీ మూశాడు. తలుపు తెరుచుకున్న ఆ క్షణంలో దొర లేచి లోపలికి చూశాడు. వేరే మంచం, వేరే మనుషులు, వేరే వాసన. మళ్లీ కూలబడ్డాడు.

"పిలిస్తే రావట్లేదు" అన్నాడు తమ్ముడు. "నేనూ లేవలేకపోతున్నానక్కా."

"ఇక్కడికెలా వచ్చావురా?"

"గోడలు పట్టుకుని. పైకి చూడకుండా."

ఆమె ఇద్దరి మధ్యా మెట్టు మీద కూర్చుంది. దోసిట్లో నీళ్లు పోసి చాచింది. దొర చూపు తిప్పుకున్నాడు. నీళ్లు వేళ్ల సందుల్లోంచి కారిపోయాయి. మళ్లీ పోసింది. కారిపోయాయి. మూడోసారి మొహం చాచి నాకాడు. ప్రేమతో కాదు, దాహంతో. ఆమెకది చాలు. తడి కొంగుతో వాడి పొట్ట, అరికాళ్లు తుడిచింది. ఊపిరి నెమ్మదించింది. అప్పుడు తమ్ముడు మెట్లు పాకుతూ వచ్చి, ఆమె వెంట తెచ్చిన పట్టీల బెల్టు వాడి ఒంటికి తొడిగాడు. కొక్కెం బిగించి, లాగి చూశాడు. మళ్లీ ఒకసారి లాగి చూశాడు. చూసి, వాడి వీపులో మొహం పెట్టుకుని, జతగాడు పోయాక మొదటిసారి బావురుమన్నాడు.

షెల్టర్‌కి దొరను పంపలేదు. అలాగని అంతా చక్కబడిందనీ కాదు. ఇంటావిడ మెత్తబడలేదు. నెల తిరిగేలోపు ఇల్లు ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. ఊరి చివర, మెట్లెక్కే పనిలేని కింది ఇల్లొకటి దొరికింది. రెండు ఇరుకు గదులు, వెనక పొడవాటి ప్రహరీ ఉన్న చిన్న దొడ్డి. ట్రాలీ ఆటోలో మిషను పక్కన దొర, దొర పక్కన తమ్ముడు, చక్రం కుదుపులకు ముగ్గురూ ఊగుతూ వెళ్లారు. ఆ ఇంట్లో ఎవరి వాసనా లేదు. మూలమూలా ముగ్గురికీ కొత్తే. దొర దొడ్లో తడిమట్టి తవ్వుకుని ఆ గుంటలో ఒదిగి పడుకున్నాడు. ఆ సాయంత్రం గిన్నెలో పెట్టింది మిగల్చకుండా తిన్నాడు. మిషనక్క తలుపు చాటునుంచి చూసింది, కదిలితే మానేస్తాడేమోనని ఊపిరి బిగబట్టి.

నల్ల కోట్ల పని తిరిగి రాలేదు. ఇప్పుడామె తెల్ల దుప్పట్లు, తలగడ గలీబులు కుడుతోంది. "దొరగారి బొచ్చు కలిసిపోతుంది, కనబడదు" అంటుంది. కనబడుతుంది. తమ్ముడు రోజూ దొడ్లో వాడికి దువ్వెన పెడతాడు. కొన్ని రోజులు మాత్రం మళ్లీ తలుపు వేసుకుంటాడు. ఆ రోజుల్లో ఆమెకు మిషను మీద చెయ్యి ఆడదు. దొర పొద్దుటి ఏడుపు తగ్గింది కానీ మానలేదు.

ఏడుపు మొదలైతే తమ్ముడు లేచి తాళ్లు తీసుకుంటాడు. పొట్టి ఇళ్లున్న సందుల్లోంచే తిప్పుతాడు. మేడలున్న రోడ్డు వైపు దొర లాగితే, "అటొద్దురా, ఇవాళ కాదు" అని ఆగిపోతాడు. దొర కాసేపు మొండికేసి నిలబడి, తర్వాత అతను నడిచే వైపే నడుస్తాడు.